గ్లిజరిన్ కలవని కన్నీరు

"అమ్మా, ఇంకొంచెం ఏడవండమ్మా! పెద్దమ్మా, మీరు ఈ పక్కకి రాండి, పెళ్లికూతురి మొకం కనపడల్ల. ఆ... అట్లే... భుజం మీద తల పెట్టండి... సూపర్!"

తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణమండపం. అప్పగింతలు జరుగుతున్నాయి. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతున్నారు. వడమాలపేట మునికుమార్ కెమెరా భుజాన పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని, తన జీవితంలోనే గొప్ప షాట్ తీస్తున్నానని నమ్ముతున్నాడు. ప్రతి పెళ్లిలోనూ అతను అదే నమ్ముతాడు, అది వేరే సంగతి.

పెళ్లికూతురి తల్లి చెంప మీద ఒక బొట్టు జారింది. మునికుమార్ జూమ్ చేశాడు. సరిగ్గా అప్పుడు ఫ్రేములోకి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతికి నీలం రంగు గ్లవుజు ఉంది. వేళ్ల మధ్య ఒక సన్నని కాగితం పట్టీ ఉంది. ఆ పట్టీ నేరుగా పోయి తల్లిగారి కింది రెప్పలో కూర్చుంది.

"కట్! కట్!" అని అరిచాడు మునికుమార్.

పురోహితుడు మంత్రం ఆపేశాడు.

"మీకు కాదు సామీ, మీరు కానీండి! ఎవురు మేడం మీరు?"

చెయ్యి వెనకాల ఒక అమ్మాయి ఉంది. మామిడిపండు రంగు పట్టుచీర, మెడలో హారానికి బదులు ఐడీ కార్డు, చంకలో ఐస్ బాక్సు. పెళ్లికి ఐస్ బాక్సుతో వచ్చేది ఐస్‌క్రీమ్ వాళ్లే అనుకున్నాడు మునికుమార్.

"రీసెర్చ్ స్కాలర్ని. ఈమెని ముందే అడిగి సంతకం తీసుకున్నా. కొంచెం జరగండి, శాంపిల్ ఆరిపోతాది."

"శాంపిలా? ఏడుపుకి శాంపిలా?"

"ఏడుపుకి కాదు, కన్నీళ్లకి."

"నా షాట్ చెడిపోయినాది మేడం!"

"ఇంకోసారి ఏడిపించుకోండి. ఇందాకట్నించి సూస్తానే ఉండా, ఆ పని మీకు బాగా అలవాటు మాదిరుండాది. ఎవుర్నీ ప్రశాంతంగా ఏడ్వనీరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెళ్లికూతురు కూడా నవ్వేసింది. నవ్వుతున్న పెళ్లికూతురితో అప్పగింతల షాట్ ఏం తీస్తాడు పాపం! మునికుమార్ కెమెరా దించి ఆ అమ్మాయి వైపు కోపంగా చూశాడు. ఆమె పట్టీని చిన్న గొట్టంలో వేసి, మూత బిగించి, ఐస్‌లో పెట్టి, ఒక లడ్డు తీసుకుని వెళ్లిపోయింది. కోపంగా చూడడం మొదలుపెట్టినవాడు ఆమె గేటు దాటేదాకా చూస్తూనే ఉన్నాడు. చివరికి వచ్చేసరికి కోపం ఎక్కడ పోయిందో అతనికే తెలియలేదు.

ఆమె పేరు లోహిత. చిత్తూరు బెల్లం మండీ మునస్వామి రెండో కూతురు. తిరుపతి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పని వింటే బంధువులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు గాని, నిజానికి చాలా ముచ్చటైన పని.

మన కన్నీళ్లలో లైసోజైమ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. ప్రతి బాక్టీరియా ఒంటి చుట్టూ ఒక గోడ ఉంటుంది కదా, ఈ ఎంజైమ్ ఆ గోడను కత్తిరించేస్తుంది. గోడ తెగితే నీళ్లు లోపలికి దూరి బాక్టీరియా టప్పున పగిలిపోతుంది. ఉమ్మిలో ఉంటుంది, చీమిడిలో ఉంటుంది, గుడ్డు తెల్లసొనలో కూడా ఉంటుంది. కాని లోహిత అడిగిన ప్రశ్న వేరు. ఉల్లిపాయ కోస్తే వచ్చే కన్నీటిలోనూ, మనసు కరిగితే వచ్చే కన్నీటిలోనూ ఈ ఎంజైమ్ ఒకేలా పనిచేస్తుందా?

ఉల్లిపాయ కన్నీళ్లకు హాస్టల్ మెస్ ఉంది. మరి మనసు కన్నీళ్లకు ఎక్కడికి పోవాలి? ఆస్పత్రి వరండాల్లో పట్టీలు పట్టుకుని తిరగడానికి ఆమెకు మనసొప్పలేదు. అందుకని పెళ్లిళ్లు పట్టుకుంది. అప్పగింతల్లో వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లు అరగంటలో బంతిలో కూర్చుని ఇంకో వడ వేయించుకుంటారు. ఎవరికీ నష్టం లేని ఏడుపు అది.

పరీక్ష కూడా చూడముచ్చటగా ఉంటుంది. పసుపురంగు బాక్టీరియా కలిపిన నీళ్లు గాజు గొట్టంలో పల్చటి మజ్జిగలా మసకగా ఉంటాయి. అందులో కన్నీళ్లు కలిపితే గోడలు కూలిపోయి నీళ్లు తేటపడతాయి.

ఉల్లిపాయ గొట్టాలన్నీ తేటపడ్డాయి. పెళ్లి గొట్టాల్లో మాత్రం సగానికి సగం మజ్జిగ మజ్జిగలాగే కూర్చుంది.

లోహిత ఆ గొట్టాలను మళ్లీ మళ్లీ ఊపి చూసింది. ఆమె గైడు రాజారత్నం సార్ మాత్రం కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.

"దుఃఖంలో ఎంజైమ్ పనిచెయ్యదు! ఏం రిజల్టమ్మా ఇది! బెంగళూరు కాన్ఫరెన్సులో ఇదే చెప్తా."

"సార్, ఇంకోసారి చూస్తాను సార్. సగం తేటపడినాయి కదా..."

"ఆ సగం మంది దొంగేడుపు ఏడ్చుంటారులే!"

సార్ మాట నిజానికి సరిగ్గా తలకిందులుగా ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. లోహిత ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే పెళ్లివాళ్లందరికీ ఫోన్లు చేసింది. భోజనాలెవరు వండారు, కాటుక ఏది, పౌడరు ఏది అని అడిగింది. ఏదీ కలవలేదు. చివరికి ఒక పెళ్లికూతురు, "వీడియోలో మా అమ్మ ఎంత బాగా ఏడ్చిందో చూడు అక్కా" అని ఫోన్‌లో పంపింది. కింద పేరు పడింది: మునికుమార్ డిజిటల్స్, వడమాలపేట. మసక గొట్టాల పెళ్లిళ్లన్నిటికీ అదే పేరు.

మునికుమార్ డిజిటల్స్ అరుగు మీద అతని తల్లి కుప్పమ్మ పూలు కడుతోంది. బస్సు దిగిన లోహితను చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"రామ్మా, రా! ముహూర్తం ఎప్పుడు? అబ్బాయి ఏ ఊరు?"

"నేను పెళ్లికూతుర్ని కాదండీ. మీ అబ్బాయితో గొడవ పెట్టుకునేదానికి వచ్చినా."

"అట్లనా! సరే, లోపల ఉండాడు, పెట్టుకో," అంది కుప్పమ్మ, మల్లెపూలకు ముడి వేయడం ఆపకుండానే.

లోహిత ఐస్ బాక్సు కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. మసకగా ఉన్న గొట్టం ఒకటి, తేటగా ఉన్న గొట్టం ఒకటి తీసి అతని ముక్కు ముందు ఆడించింది. ఎంజైమ్ సంగతి, గోడల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఇప్పుడు చెప్పండి. మీరు తీసిన పెళ్లిళ్లలోనే కన్నీళ్లు ఎందుకు పనిచెయ్యవు?"

"నాకేం తెలుసు మేడం? నేను కెమెరావాణ్ణి."

"కుమారా," అంది అరుగు మీంచి కుప్పమ్మ, "ఆ సీసా సంగతి చెప్పరాదా?"

"అమ్మా, గమ్మునుండు నువ్వు!"

"ఏం సీసా?" అంది లోహిత.

ఇంక దాగదని మునికుమార్‌కు అర్థమైంది. డ్రాయరు తెరిచి ఒక చిన్న సీసా బయటికి తీశాడు.

"గ్లిజరిన్ మేడం. కొందరికి కెమెరా చూస్తే ఏడుపు రాదు. బిగుసుకోని నిలబడిపోతారు. పాపం, తర్వాత వీడియో చూసుకోని, 'అయ్యో, ఏడ్వనే లేదే' అని బాధపడతారు. అందుకని రెప్ప కింద ఒక్క చుక్క..."

లోహిత స్టూలు మీద కూలబడింది.

"ఇన్నాళ్లూ నేను కొలిచింది గ్లిజరిన్‌నా? మా సార్ బెంగళూరు పోయి వెయ్యిమంది ముందర దుఃఖంలో ఎంజైమ్ పనిచెయ్యదని చెప్పబోతా ఉండాడు! రేపు నిజం బయటపడితే ఆయన పరువూ గోవిందా, నా పీహెచ్‌డీ గోవిందా!"

"సార్‌కి ఇప్పుడే చెప్పేయండి మరి."

"చెప్పినా నమ్మడు. నిజమైన కన్నీళ్లు తెచ్చి కళ్లెదురుగా చూపించల్ల. ఆషాఢం మాదిరే, ఆడి నెల వచ్చిందంటే మన పక్క పెళ్లిళ్లే ఉండవు. కాన్ఫరెన్సు ఆడిలోనే."

ఆమె రెప్పలు గబగబా ఆడించింది. మునికుమార్‌కు ఏడుపుల్లో అనుభవం ఉంది. ఇది వస్తున్న ఏడుపని కనిపెట్టాడు. ఎవరినైనా ఏడవమని బతిమాలడమే తప్ప, ఏడవద్దని చెప్పాలనిపించడం అతనికి ఇదే మొదటిసారి.

"మేడం, ఆడి లోపల నాకు ఇంకా పెళ్లిళ్లు ఉండాయి. కార్వేటినగరం, పుత్తూరు, బంగారుపాళ్యం. అన్నిటికీ నేనే పిల్చుకోని పోతా. సీసా ముట్టుకోను."

"ఎట్ల నమ్మేది?"

అతను సీసా తీసుకెళ్లి వీధి కాలువలో ఒంపేశాడు. కుప్పమ్మ, "సీసా పారెయ్యబాకరా, నూనెకి పనికొస్తాది," అంది.

"ఇంకొక కండిషన్," అంది లోహిత. "నాకింక ఏ విషయంలోనూ అబద్ధం చెప్పగూడదు."

"నా కెమెరా మీద ఒట్టు," అన్నాడు మునికుమార్.

కార్వేటినగరం పెళ్లిలో అసలు ఎవరూ ఏడవలేదు. లోహిత పట్టీ పట్టుకుని పెళ్లికూతురి చుట్టూ ప్రదక్షిణ చేసింది. పాలలో చేతులు ముంచారు, అప్పగించారు, అయినా చుక్క నీరు లేదు. తల్లి కులాసాగా తాంబూలం నములుతోంది.

"ఏమ్మా, బిడ్డని పంపిస్తా ఉండారు, బాధగా లేదా?" అని అడిగింది లోహిత, ఆశ చావక.

"ఏం బాధ? మా తమ్ముడికే ఇస్తిమి. ఎదురిల్లే! పొద్దున పోయి మధ్యాహ్నం అన్నానికి ఈడికే వస్తాది," అందామె.

మునికుమార్ నోరు కెమెరా వెనక దాచుకుని నవ్వాడు. "మేడం, ఈ గ్లిజరిన్ అవసరం ఎందుకొస్తాదో ఇప్పుడన్నా తెలిసిందా?"

"నవ్వబాకండి. సగం పాపం మీదే."

"మిగతా సగం?"

"మేనరికానిది."

పుత్తూరులో పెళ్లికూతురి తాత ఏడ్చాడు. ఆయన కంటి దగ్గర పట్టీ పెట్టబోతే, "పాపా, నా కళ్లకేమీ జబ్బు లేదు, పొయ్యి పొగ," అని తప్పించుకున్నాడు. ఆ తాతను బతిమాలి, పొగ లేని మూలకు తీసుకుపోయి కూర్చోబెట్టి, పెళ్లికూతురి చిన్నప్పటి సంగతులు అడిగింది మాత్రం మునికుమారే. తాత చెబుతూ చెబుతూ తానే కండువా తీసి కళ్లొత్తుకుని, పట్టీ పెట్టనిచ్చాడు. కెమెరా పక్కన బల్ల మీద ఊరికే పడి ఉంది. "షాట్ తియ్యలేదేం?" అని లోహిత గుసగుసగా అడిగితే, "ఆయన నాకు చెప్తా ఉండాడు, కెమెరాకి కాదు," అన్నాడు. ఆ మాటకు ఆమె అతన్ని ఒకసారి కొత్తగా చూసింది.

బంగారుపాళ్యం నుంచి తిరిగి వస్తుంటే హైవే మీద వాన పట్టుకుంది. బైకు ఆపి ఇద్దరూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కిందికి పరిగెత్తారు. అతను షర్టు విప్పి కెమెరా మీద కప్పబోయాడు. ఆమె పట్టుచీర కొంగు ఐస్ బాక్సు మీద కప్పింది. ఒకరి తెలివి చూసి ఒకరు నవ్వుకున్నారు. లారీల్లోంచి దించిన తోతాపురి మామిడికాయల వాసన, వాన వాసన కలిసి గాలి తియ్యగా ఉంది.

"ఒక మాట అడగనా మేడం? ప్రతి అప్పగింతల్లోనూ మీరు గూడా ఏడుస్తారు. పట్టీ పెట్టేటప్పుడు మొకం ఆ పక్కకి తిప్పుకుంటారు. నేను వ్యూఫైండర్లో చూస్తా ఉంటా."

"మీరు చూడాల్సింది పెళ్లికూతుర్ని కదా?"

"చూస్తాను. మధ్యలో ఫోకస్ జారిపోతాది."

లోహిత వాన వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. అటే చూస్తూ అంది: "మా అమ్మ లేదు కదా. నా పెళ్లిలో ఎవరేడుస్తారా అనుకుంటా."

"మీ నాయన?"

"మా నాయన బండరాయి. అమ్మ పోయిన పొద్దు గూడా మా ముందర ఏడ్వలేదు. కానీ పవిత్రక్క అప్పగింతల్లో మాత్రం ఏడ్చినాడు. నాకు మరుసటి రోజు పరీక్షుండి, పుస్తకంలోంచి తలెత్తకుండా కూర్చోని, తాళి కట్టగానే బస్సెక్కి వచ్చేసినా. చూడలేదు. ఫోటో ఉండాది, హాల్లో పెద్దది. మా నాయన మీద కోపమొచ్చినప్పుడల్లా ఆ ఫోటో చూస్తా. ఆ ఒక్క చుక్క చాలు నాకు."

వాన తగ్గింది. ఎవరూ కదల్లేదు. ఫ్యాక్టరీ వాచ్‌మన్ వచ్చి, "వాన నిలిచి శానా సేపయిందప్పా," అని చెప్పాక బైకు తీశారు.

ల్యాబులో రాజారత్నం సార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోహిత పుత్తూరు తాత కన్నీటిని మసక గొట్టంలో వేసింది. మునికుమార్ తలుపు దగ్గర నిలబడి, తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు. చూస్తుండగానే గొట్టం పైనుంచి కిందికి తేటపడింది. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది. ఇవతల ఆమె కన్ను, అవతల నోరు తెరుచుకున్న మునికుమార్ ముఖం.

"పనిచేస్తాంది సార్!"

"చేస్తాంది," అన్నాడు సార్ నీరసంగా. "దుఃఖంలోనూ ఉండాది ఎంజైమ్. ఏం చేస్తాం! నా టైటిల్ పోయింది." ఆ తర్వాత మునికుమార్ వైపు చూసి, "గ్లిజరిన్ అబ్బాయి నువ్వేనా? బెంగళూరులో నా పరువు తీసేవాడివయ్యా," అని టీ ఇప్పించాడు.

పని అయిపోయింది, ఆడి వచ్చింది. పెళ్లిళ్లు లేవు, బైకు ప్రయాణాలూ లేవు. మునికుమార్ స్టూడియోలో కూర్చుని పాత వీడియోలు ఎడిట్ చేసేవాడు. ప్రతి వీడియోలో ఏదో ఒక మూల నీలం గ్లవుజు చెయ్యి కనబడేది. దాన్ని కత్తిరించడానికి చేతులు రాక అలాగే వదిలేశాడు. ఒక పెళ్లివాళ్లు వచ్చి, "ఈ చెయ్యి ఎవురిదప్పా?" అని గొడవ పెట్టుకున్నారు.

"పోయి మాట్లాడరా, నాయనా," అంది కుప్పమ్మ. "గొడవ పెట్టుకునేదానికి ఆ పాప ఈడ దాకా వచ్చినాది. మాట్లాడేదానికి నువ్వు ఆడ దాకా పోలేవా?"

పెళ్లి వీడియోల పెన్‌డ్రైవ్ ఇచ్చే నెపంతో ల్యాబుకు పోయాడు. లోహిత గొట్టాలు కడుగుతోంది. అతన్ని చూడగానే ముఖం విప్పారింది గాని, వెంటనే సర్దుకుంది.

"మంచి టయానికి వచ్చినారు. ఆడి పోయినాక మా ఇంట్లో పెళ్లిచూపులు. ఫోటోలు తీసేదానికి మీరు రావల్ల."

"ఎవురికి పెళ్లిచూపులు?"

"నాకే."

మునికుమార్ నవ్వబోయాడు, రాలేదు. "వస్తా మేడం. బాగా తీస్తా," అన్నాడు. తలవంచుకుని బ్యాగు జిప్పు వేయబోతే అది ఇరుక్కుంది. జిప్పు మీద ఒక చుక్క పడింది.

లోహిత దగ్గరికి వచ్చింది. "తల పైకెత్తండి."

"దుమ్ము పడింది."

"ఏసీ రూములో దుమ్మా? ఎత్తండి!" పట్టీ అతని రెప్పలో పెట్టేసింది. "జేబులు చూపించండి. గ్లిజరిన్ ఉండాదా?"

"మేడం, ఇది అన్యాయం!"

"ఉల్లిపాయ?"

"చేతులు వాసన చూస్కోండి!"

ఆమె నిజంగానే అతని చేతులు పట్టుకుని వాసన చూసింది. మల్లెపూల వాసన వచ్చింది, పొద్దున వాళ్లమ్మ పూలగంప దించి వచ్చాడు. తర్వాత పట్టీ నానబెట్టి గొట్టంలో పోసింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. మజ్జిగ విరిగి నీళ్లయింది.

"తేటపడింది," అంది లోహిత మెల్లగా.

"అంటే?"

"అంటే ఇవి కన్నీళ్లేనని అర్థం. ఎందుకొచ్చినాయో ఎంజైమ్ చెప్పదు. అది మీరే చెప్పల్ల."

"మీరంటే నాకు ప్రాణం. మిమ్మల్ని ఇంకెవురికో అప్పగిస్తా ఉంటే కెమెరా పట్టుకోని నిలబడలేను. అదీ సంగతి."

లోహిత గొట్టం స్టాండులో పెట్టింది. పెదాల మీదికి వచ్చిన నవ్వును ఆపలేకపోయింది. "పెళ్లిచూపులూ లేవు, ఏమీ లేవు. ఊరికే అన్నా."

"అబద్ధమా! అబద్ధం చెప్పగూడదనే కండిషన్ నాకు ఒక్కడికేనా?"

"పరీక్ష పెట్టేవాళ్లకి ఉండదు. ఆదివారం చిత్తూరికి రాండి. మా నాయనతో మాట్లాడండి."

చిత్తూరులో మునస్వామి ఇల్లంతా బెల్లం వాసన. మునికుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచి మాటలు నాలుగు బస్సులో బట్టీ పట్టి వచ్చాడు. హాల్లో అడుగు పెట్టగానే ఆ నాలుగూ మరిచిపోయాడు.

ఎదురుగా గోడ మీద నిలువెత్తు ఫోటో. పెళ్లికూతురు పవిత్ర, పక్కన మునస్వామి, ఆయన చెంప మీద మెరుస్తున్న ఒక చుక్క. ఆ కోణం, ఆ లైటింగు, ఆ చుక్క మునికుమార్‌కు బాగా తెలుసు. అది అతను తీసిన ఫోటో. ఆ చుక్క కూడా అతను పెట్టిందే.

కుర్చీలో ఉన్న మునస్వామి కూడా అతన్ని గుర్తుపట్టాడు. ఆయన ముఖం పాకం మాడినట్టు నల్లబడింది.

"ఇదే నేను చెప్పిన ఫోటో," అంది లోహిత మురిసిపోతూ. ఆ తర్వాత ఫోటో దగ్గరికి పోయి, కళ్లు చిన్నవి చేసి చూసింది. ఇన్ని కన్నీళ్లు చూశాక ఆమె చూపే మారిపోయింది. చుక్క మరీ గుండ్రంగా ఉంది. జారిన చార లేదు.

"కుమార్, మీరు కనిపెట్టగలరు కదా. ఇది ఒరిజినలే కదా?"

మునస్వామి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. అవునంటే పిల్లకు అబద్ధం చెప్పినట్టు, కాదంటే పిల్లనివ్వాల్సిన తండ్రి పరువు తీసినట్టు. పైగా తల్లి లేని పిల్ల ఇన్నేళ్లూ ఆ ఒక్క చుక్కనే నమ్ముకుని బతికింది. మునికుమార్ చెమట తుడుచుకున్నాడు.

"అడగొద్దండి," అన్నాడు చివరికి. "మీకు అబద్ధం చెప్పనని ఒట్టేసినా. కానీ ఈ నిజం నాది కాదు, చెప్పేదానికి."

"అంటే ఏంది?"

"వాణ్ణి వదిలెయ్యమ్మా," అన్నాడు మునస్వామి. "పిల్లోడికి బుద్ధుండాది. నేను చెప్తా."

ఆయన లేచి ఫోటో దగ్గర నిలబడ్డాడు, దాని వైపు చూడకుండా.

"ఆ పొద్దు తెల్లారకముందే మండపం వెనకాల అరిటాకుల కట్టల కాడ కూర్చోని ఏడ్చేసినానమ్మా. మీ అమ్మ ఉంటే బిడ్డకి తలంట్లు పోసేది కదా అని. ఏడ్చి ఏడ్చి, అప్పగింతల టయానికి కళ్లల్లో చుక్క లేదు. ఊరంతా సూస్తా ఉండారు. తల్లి లేని బిడ్డని పంపిస్తా వీడు రాయి మాదిరి నిలబడినాడే అంటారని భయమేసింది. ఈ అబ్బాయిని నేనే పక్కకి పిల్చినా. ఏమన్నా చెయ్యప్పా అన్నా."

"చలికి పెదాలు పగిలినాయని జేబులో గ్లిజరిన్ పెట్టుకోని ఉన్నా," అన్నాడు మునికుమార్, నేల చూస్తూ. "అదే మొదలు. ఆ ఫోటో చూసి అందరూ మెచ్చుకున్నారు. అప్పట్నించీ సీసా ప్రతి పెళ్లికీ..."

లోహిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అంటే... నా పీహెచ్‌డీకి మొట్టమొదట గ్లిజరిన్ పోసింది నువ్వా నాయనా!"

"నాకేం తెలుసమ్మా, నువ్వు కన్నీళ్లు సదువుతావని!"

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పోయి తండ్రి భుజం మీద తల ఆనించింది. "మా ముందర ఏడ్వచ్చు కదా నాయనా. ఫోటో ఎందుకు మాకు?"

"ఏడ్చే మగోణ్ణి నమ్మగూడదంటారు కదమ్మా. తల్లి లేని పిల్లలు, నన్ను సూసే గదా ధైర్యంగా ఉండాల..." మాట పూర్తి కాలేదు. బండరాయి అని పేరుపడ్డ మునస్వామి గడ్డం వణికింది, కన్ను నిండింది, ఒక చుక్క జారి ముడతల్లోంచి వంకరటింకరగా కిందికి దిగింది.

లోహిత గబగబా చేతులు తడుముకుంది. హ్యాండ్‌బ్యాగు లోపలి గదిలో ఉంది. "పట్టీ! పట్టీ లేదే!"

మునికుమార్ చొక్కా జేబులోంచి ఒక కాగితం పట్టీ తీసి ఇచ్చాడు. ఒకప్పుడు గ్లిజరిన్ సీసా ఉండే జేబు అది.

మునస్వామి తడికళ్లతోనే ఆ జేబు వైపు, ఆ తర్వాత మునికుమార్ ముఖం వైపు చూశాడు. కూతురు రెప్ప కింద పట్టీ పెడుతుంటే కదలకుండా, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇప్పుడు నన్ను నమ్మచ్చా?" అన్నాడు.

"టెస్టు చెయ్యకుండా చెప్పలేం నాయనా," అంది లోహిత ముక్కు ఎగబీలుస్తూ.

"సరే, చేసుకోండి. ఆడి పోయినాక మీ అమ్మని పిల్చుకోని రా అబ్బాయ్, తాంబూలాలు మార్చుకుందాం. ఒగటే కండిషను. ఈ బిడ్డ అప్పగింతలప్పుడు నేను ఎట్ల ఏడుస్తానో నాకే తెలీదు. ఆ కాసేపు కెమెరా ఆపి పెట్టల్ల."

అప్పగింతల షాట్ కోసం పురోహితుణ్ణే ఆపినవాడు, ముక్కు తుడుచుకుని తల ఊపాడు.

"ఆపేస్తా మామా," అన్నాడు మునికుమార్. "ఆ పొద్దు నాకూ ఏమీ కనపడదులే."